కోర్టు పెట్టిన పేపరు, బోర్డు పెట్టిన పేపరు

ఈవీఎస్, అంటే పర్యావరణ అధ్యయనం పేపరు గురించి తెలుగు పాఠకుడికి కొత్తగా పరిచయం అక్కర్లేదు. గత ఇరవై ఏళ్లలో డిగ్రీలో చేరినవాళ్లు బీకాం అయినా బీటెక్ అయినా ఆ పేపరు రాసినవాళ్లే. పరీక్షకి ముందు రోజు ఆల్-ఇన్-వన్ తిరగేసి, ఆహార గొలుసు బొమ్మ ఒకటి, ఓజోన్ పొర మీద ఒక పేజీ, వర్షపు నీటి సంరక్షణ మీద మరో పేజీ చూసుకుని వెళ్లి గట్టెక్కినవాళ్లే. ఫెయిలయ్యే పేపరు కాదు, గుర్తుండే పేపరూ కాదని దానికి పేరు. దీనికి పినతల్లి బిడ్డ లాంటి పేపరు ఒకటి అమెరికాలో ఉంది. పూర్తి పేరు అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ ఎన్విరాన్‌మెంటల్ సైన్స్, పిల్లల నోట్లో ‘ఏపెస్’. హైస్కూల్లో కూర్చునే కాలేజీ మొదటి సెమిస్టరు స్థాయి పాఠం చదవాలి, మే నెలలో పరీక్ష రాయాలి. 5కి 3 గానీ ఆపైన గానీ వస్తే చాలా కాలేజీలు క్రెడిట్ ఇస్తాయి. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో హైస్కూలు పిల్లలున్న తెలుగిళ్లలో ఈ పేరు వినబడుతూనే ఉంటుంది, ఎక్కువగా “ఫిజిక్స్, కాల్‌క్యులస్ బరువుల మధ్య తేలికైనది ఒకటి” అనే లెక్కలో.

అంటే రెండు చోట్లా దీన్ని చదివేవాళ్లకి చిన్నచూపే. కాకపోతే మన పేపరు ఆ చిన్నచూపుని ఓర్చుకుంటుంది, ఏపెస్ మార్కుల్లో బదులు తీర్చుకుంటుంది. సులువని పేరున్న ఆ పరీక్షలో చాలా ఏళ్లపాటు దాదాపు సగం మందికి 3 రాలేదు. మన దగ్గర ఈవీఎస్ తప్పి ఏడాది పోగొట్టుకున్న మనిషిని చూపించడం కష్టం. జేఎన్‌టీయూ హైదరాబాద్ 2018 నిబంధనల్లోనైతే దీన్ని తప్పనిసరి కోర్సుగా ఉంచి, క్రెడిట్లు మాత్రం సున్నా వేశారు. హాజరు కావాలి, పాస్ కావాలి, కానీ లెక్కలోకి రాదు. ఒక సమాజం ఒక విషయాన్ని ఎంత గౌరవిస్తుందో, ఎంత పట్టించుకోదో రెండూ ఆ సున్నాలోనే ఉన్నాయి.

ఈ తేడా మొదలైంది పుట్టుకలోనే. మన పేపరుని పెట్టించింది సుప్రీంకోర్టు. ఎం.సి. మెహతా అనే న్యాయవాది, గంగ ఒడ్డున తోళ్ల పరిశ్రమల మీదా తాజ్‌మహల్ చుట్టూ పొగ మీదా కేసులు నడిపిన ఆయనే, దేశంలో చదువుకునే ప్రతివాళ్లకీ పర్యావరణం గురించి చెప్పించాలని పిటిషన్ వేశాడు. 1991 నవంబరు 22న కోర్టు ఔనంది. సినిమా హాళ్లలో పర్యావరణం మీద స్లైడ్లు వెయ్యమన్నదీ ఆ తీర్పులోనే, కాలేజీల్లో దీన్ని తప్పనిసరి చేసే సంగతి చూడమని యూజీసీకి చెప్పిందీ అందులోనే. స్లైడ్లు ముందొచ్చాయి, పాఠం వెనకొచ్చింది. 2003లో కోర్టు మళ్లీ గట్టిగా అడిగితే గానీ విశ్వవిద్యాలయాలు కదల్లేదు. యూజీసీ అన్ని కోర్సులకీ కలిపి ఒకే సిలబస్ తయారు చేసింది, పాఠ్యపుస్తకం రాసే పని పుణేకి చెందిన సర్జన్, వన్యప్రాణి సంరక్షకుడు ఎరచ్ భరూచాకి అప్పగించింది. ఒక లాయరు అడిగితే ఒక డాక్టరు రాసిన పుస్తకం మనది. కాబట్టే అందులో మొదటి నుంచి చివరి దాకా ‘చెయ్యాలి, చెయ్యకూడదు’ అన్న గొంతు వినిపిస్తుంది.

ఏపెస్‌ని పెట్టింది కాలేజ్ బోర్డు, శాట్ పరీక్ష నడిపే సంస్థ. మొదటి పరీక్ష 1998లో జరిగింది. ఆ పేపరుని ఏ కోర్టూ అడగలేదు, ఏ ఉద్యమమూ డిమాండ్ చెయ్యలేదు. కాలేజీలో చెప్పే పాఠాన్ని హైస్కూల్లో పరీక్షించడం బోర్డు చేస్తున్న పనే, ఆ వరసలోకి ఇదీ చేరింది. కాబట్టి దాని గొంతు వేరు. ‘చెయ్యాలి’ అనదు, ‘ఎంత’ అంటుంది. ఎంత నత్రజని, ఎన్ని కిలోవాట్లు, జనాభా రెట్టింపు కావడానికి ఎన్నేళ్లు. మనది హితవు చెప్పే పుస్తకం కాగా అది కొలతలు తీయించే పుస్తకం. హితవంటే నాకు చులకన లేదు, కొలతంటే భక్తీ లేదు. రెండింటికీ వాటి చోటుంది.

సిలబస్‌లు పక్కపక్కన పెట్టి చూడండి. 2004 నాటి యూజీసీ కోర్సులో ఎనిమిది యూనిట్లు, మొత్తం 50 గంటలు. సహజ వనరులు, ఆవరణ వ్యవస్థలు, జీవవైవిధ్యం, కాలుష్యం అనే నాలుగు స్తంభాలూ ఏపెస్‌లోనూ ఉన్నాయి. అయితే మన సిలబస్ అక్కడ ఆగదు. ఆరో యూనిట్లో నిర్వాసితుల పునరావాసం వస్తుంది, పర్యావరణ చట్టాలొస్తాయి, చట్టాల అమల్లో ఇబ్బందులూ వస్తాయి. ఏడో యూనిట్లో మానవ హక్కులు, విలువల విద్య, ఎయిడ్స్, స్త్రీ శిశు సంక్షేమం, చివరికి సమాచార సాంకేతికత కూడా. ఎయిడ్స్‌కి ఇక్కడేం పని అని మొదటిసారి చూసినవాళ్లు నవ్వుతారు. నేనూ నవ్వాను. కానీ పోలవరం ముంపు మండలాల నుంచి వచ్చిన పిల్లకి తన ఇంటి కథ దొరికే పుస్తకం డిగ్రీ చదువంతటిలో ఇదొక్కటేనేమో అన్నది తట్టాక ఆ నవ్వు సగమైంది. ఏపెస్‌లో తొమ్మిది యూనిట్లున్నాయి. ఆనకట్ట కడితే చేపల వలసకి అడ్డం, ఒండ్రు దిగువకి పోదు, నీరు ఆవిరవుతుంది, విద్యుత్తు వస్తుంది అని లాభనష్టాలు వరసగా వస్తాయి. జనం ఊళ్లు వదిలి పోవాల్సి వస్తుందన్నదీ ఆ వరసలో ఉంటుంది, ఒక పాయింటుగా. మన పుస్తకంలో అదే ఒక అధ్యాయం.

ఒక బోరుబావిని రెండు పేపర్లకీ ఇచ్చి చూస్తే ఈ తేడా బాగా తేలుతుంది. అనంతపురం జిల్లాలో ఒక రైతు, 5 హార్స్‌పవర్ మోటారు, రోజుకి 9 గంటల ఉచిత కరెంటు. మన ప్రశ్నపత్రం అడిగేది ఇలా ఉంటుంది: “భూగర్భ జలాల మితిమీరిన వాడకం వల్ల కలిగే నష్టాలను వివరింపుము.” విద్యార్థి రాసేస్తాడు: నీటిమట్టం పడిపోతుంది, ఫ్లోరైడ్ పెరుగుతుంది, తీరప్రాంతంలో ఉప్పునీరు చొరబడుతుంది, ఇంకుడు గుంతలు తవ్వాలి. బాగా చెప్పే మాస్టారి క్లాసులో అయితే 2004 నుంచి ఉచిత విద్యుత్తు ఎలా వచ్చిందీ, 2002 నాటి వాల్టా చట్టం ప్రకారం బోరు వెయ్యడానికి అనుమతి కావాలన్న సంగతీ, అప్పు చేసి వేసిన బోరు ఎండితే ఆ ఇల్లేమవుతుందన్నదీ చర్చకొస్తాయి. ఇదంతా నిజం, అవసరం. కానీ అందులో ఒక్క అంకె ఉండదు.

ఏపెస్ మూడో పెద్ద ప్రశ్న లెక్కలది. అదే బోరుని అక్కడ ఇలా అడుగుతారు: ఒక హార్స్‌పవర్ 0.746 కిలోవాట్లయితే, ఏడాదిలో 100 రోజులు నడిచిన ఆ మోటారు ఎన్ని యూనిట్లు వాడింది? మోటారు సామర్థ్యం పక్కనపెడితే రోజుకి 33.6 యూనిట్లు, 100 రోజులకి సుమారు 3,360. మన గ్రిడ్‌లో యూనిట్‌కి దాదాపు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ అనుకుంటే రెండున్నర టన్నులకి కొంచెం తక్కువ. తర్వాతి ప్రశ్న: కరెంటు వాడకం తగ్గించే ఒక మార్గం చెప్పి, దానివల్ల నీటి వాడకం పెరిగే ప్రమాదం ఏదైనా ఉందేమో వివరించు. లెక్క కట్టిన దారి చూపించకపోతే జవాబు సరైనదైనా మార్కు రాదు. ఈ చివరి నియమం నాకు చాలా ఇష్టం. మన పిల్లాడు నష్టాలన్నీ ఏకరువు పెట్టగలడు గానీ తన పొలంలో మోటారు ఏడాదికి ఎంత కాలుస్తుందో ఏ పరీక్షా అడగలేదు. అలాగే, అమెరికా పిల్లాడు మోటారు లెక్క గుక్కతిప్పుకోకుండా చేస్తాడు గానీ ఆ మోటారు వెనక ఒక అప్పు ఉందనీ, ఒక ఎన్నిక ఉందనీ ఏ ప్రశ్నా చెప్పలేదు. సోలార్ పంపుసెట్ పెడితే కార్బన్ సున్నా అవుతుందని ఏపెస్ విద్యార్థి ఠక్కున రాస్తాడు. పగలంతా పైసా ఖర్చు లేకుండా తోడే పంపు వస్తే నీటిమట్టం ఏమవుతుందన్నది చెప్పాలంటే మాత్రం ఇద్దరూ కలిసి కూర్చోవాలి.

క్షేత్ర పర్యటన విషయంలో మనకి అన్యాయం జరిగింది, చేసుకున్నదీ మనమే. 2004 నాటి యూజీసీ సిలబస్‌లో ఎనిమిదో యూనిట్ మొత్తం ఇదే. 100 మార్కుల్లో 25 దీనికే. పిల్లలు ఊరి దగ్గరి ప్రకృతి సంపద ఒకటి చూడాలి, అది నదైనా అడవైనా గుట్టైనా. అలాగే ఊరి దగ్గర కాలుష్యం పాలైన చోటు ఒకటి చూడాలి. రెండింటి గురించీ రాయాలి. ఎంత మంచి ఆలోచన! సంగారెడ్డి జిల్లాలో కాలేజీ పిల్లలు పొద్దున అమీన్‌పూర్ చెరువుకి, అంటే 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా గుర్తింపు పొందిన చెరువుకి, వెళ్లి కొంగల్ని చూడొచ్చు. మధ్యాహ్నం పటాన్‌చెరు పక్కన నక్కవాగు గట్టు మీద నిలబడొచ్చు. రెండూ దగ్గర దగ్గరే. ఇంతటి పాఠం ఏ పుస్తకంలోనూ పట్టదు. జరిగేదేమిటంటే, జూపార్కుకో పిక్నిక్ స్పాటుకో బస్సు వేస్తారు, గ్రూప్ ఫోటో దిగుతారు, సీనియర్ల రికార్డు చూసి రికార్డు రాస్తారు. ఆ 25 మార్కులు అందరికీ ఇంచుమించు ఒకేలా పడతాయి.

ఏపెస్‌లో క్లాసు సమయంలో నాలుగో వంతు ప్రయోగాలకీ క్షేత్ర పనికీ ఇవ్వాలని బోర్డు చెబుతుంది. అక్కడా ప్రతి బడీ ఇస్తుందని కాదు. కానీ అక్కడ పరీక్షలో మొదటి పెద్ద ప్రశ్నే ఒక పరిశోధనని రూపొందించమని అడుగుతుంది: నీ ఊహ ఏమిటి, దేన్ని మారుస్తావు, దేన్ని మార్చకుండా ఉంచుతావు, ఏ ఫలితం వస్తే నీ ఊహ తప్పని ఒప్పుకుంటావు. బస్సు వెయ్యకపోయినా ఈ ప్రశ్న తప్పించుకోలేరు కాబట్టి క్లాసులో ఏదో ఒకటి చేసి తీరతారు. సీసాలో మట్టీ నీళ్లూ పోసి కుదిపి, ఇసుక, ఒండ్రు, బంకమట్టి పొరలు తేలాక కొలిచి నేల రకం నిర్ణయిస్తారు. ముల్లంగి విత్తనాలకి వేరువేరు మోతాదుల్లో ఉప్పునీళ్లు పోసి ఎన్ని మొలిచాయో లెక్కపెడతారు. చిన్న పనులే, కానీ కోనసీమలో రొయ్యల చెరువుల పక్క పొలం వరి ఎందుకు ఎర్రబడుతుందో ఆ ముల్లంగి ప్రయోగం చెప్పినంత సూటిగా మన పుస్తకంలోని ‘నేల లవణీకరణ’ పేరా చెప్పదు.

ఇక్కడ ఒక సంగతి చెప్పకుండా ఉండలేను. మన ఇంజినీరింగ్ కాలేజీల్లో మొదటి ఏడాది కెమిస్ట్రీ ల్యాబులో నీటి కాఠిన్యం కొలిచే ప్రయోగం ఉంటుంది. బ్యూరెట్టూ ఉంటుంది, రసాయనమూ ఉంటుంది, రంగు మారే దాకా చుక్కలు లెక్కపెట్టే పిల్లలూ ఉంటారు. వాళ్లే పై గదిలో ఈవీఎస్ క్లాసులో కూర్చుని ‘నీటి కాలుష్యం’ బట్టీ పడతారు. కింది గదిలో కొలిచే నీళ్లు తమ ఊరి బోరు నీళ్లు అయ్యుండొచ్చని రెండు గదుల్లోనూ ఎవరూ అనరు. ఈవీఎస్ ఎవరు చెబుతారన్నది ఆ ఏడాది ఎవరికి పీరియడ్లు తక్కువ పడ్డాయన్న దాని మీద ఆధారపడి ఉంటుంది. బోటనీ మాస్టారైతే అడవులు బాగా చెబుతారు, కెమిస్ట్రీ మేడమైతే ఓజోన్. ఏపెస్ టీచర్లలోనూ చాలామంది జీవశాస్త్రం నుంచి వచ్చినవాళ్లే. ఆ ఇబ్బంది అక్కడా ఉంది, కానీ ప్రశ్నపత్రం ఆ లోటుని కొంత పూడుస్తుంది.

లోపాల్లోనూ చుట్టరికం ఉంది. దానికి గట్టి సాక్ష్యం జనాభా అధ్యాయం. రెండు పుస్తకాల్లోనూ అది మాల్థస్ నీడలోనే నడుస్తుంది. 2004 నాటి మన సిలబస్‌లో శీర్షికే ‘జనాభా విస్ఫోటనం – కుటుంబ సంక్షేమ కార్యక్రమం’. ఏపెస్‌లో వయసు పిరమిడ్లు, జనాభా పరిణామ దశలు, ‘70 సూత్రం’ ఉంటాయి. పెరుగుదల శాతంతో 70ని భాగిస్తే జనాభా ఎన్నేళ్లలో రెట్టింపవుతుందో వస్తుంది. ఏటా 2 శాతం పెరిగితే 35 ఏళ్లు. ఈ సూత్రానికి ఉదాహరణ వెతికేటప్పుడు అమెరికా క్లాసు చూపు తరచుగా మన వైపే తిరుగుతుంది. డాలస్‌లో పుట్టిన తెలుగు పిల్ల తాతగారి దేశాన్ని వెడల్పాటి అడుగున్న పిరమిడ్‌గా చూస్తుంది. అయితే ఆ తాతగారి రాష్ట్రం ఆ పిరమిడ్‌లోంచి ఎప్పుడో బయటపడింది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఒక్కో స్త్రీకి సగటున పుట్టే బిడ్డలు ఆంధ్రప్రదేశ్‌లో 1.7, తెలంగాణలో 1.8. అమెరికాకీ మనకీ ఈ అంకెలో పెద్ద తేడా లేదు. ఇద్దరు పిల్లలకి మించితే స్థానిక ఎన్నికల్లో పోటీకి అనర్హులన్న నిబంధనని ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2024 నవంబరులో ఎత్తేసింది. ఎక్కువమందిని కనమని ముఖ్యమంత్రే చెబుతున్న రాష్ట్రంలో, జనాభా విస్ఫోటనం మీద వ్యాసం రాసి పది మార్కులు తెచ్చుకోవచ్చు. మన పుస్తకం కాలానికి వెనకబడింది, వాళ్ల పుస్తకం చోటుకి దూరంగా ఉంది. ఏపెస్ పక్షాన ఒక మాట: ఆ అధ్యాయం నేర్చుకున్న పిల్ల 1.7 అంకె చేతికొస్తే పిరమిడ్ తప్పని తనే తేల్చుకోగలదు. మన విద్యార్థికి విస్ఫోటనం అన్న మాటైతే ఇచ్చారు, దాన్ని పరీక్షించే సాధనం ఇవ్వలేదు.

ఇక శాస్త్రం భాగంలో తేడా వెతికినా దొరకదు. రెండు పుస్తకాల వెనకా 1953లో యూజీన్ ఓడమ్ రాసిన ‘ఫండమెంటల్స్ ఆఫ్ ఎకాలజీ’ నిలబడి ఉంది. ఒక మెట్టు నుంచి పై మెట్టుకి పదో వంతు శక్తే చేరుతుందన్న సూత్రానికి మూలం మినెసోటాలో ఒక చిన్న చెరువు మీద రేమండ్ లిండెమాన్ చేసిన పని. 1942లో ఆ వ్యాసం అచ్చయ్యేలోపే ఆ కుర్రవాడు చనిపోయాడు. మన పుస్తకంలో అది గడ్డి, మిడత, కప్ప, పాము, గద్ద. వాళ్ల పుస్తకంలో 10,000 కిలోకేలరీలు, 1,000, 100, 10. లిండెమాన్ పేరు రెండు చోట్లా పరీక్షకి రాదు.

చట్టాల దగ్గర మళ్లీ విడిపోతాయి. మనకి 1972 వన్యప్రాణి చట్టం, 1974 నీటి చట్టం, 1981 గాలి చట్టం, భోపాల్ తర్వాత 1986 పర్యావరణ పరిరక్షణ చట్టం. వాళ్లకి 1970 గాలి చట్టం, 1972 నీటి చట్టం, 1973 అంతరించే జీవుల చట్టం, విషపు వ్యర్థాల కోసం 1980 సూపర్‌ఫండ్. చట్టం పేరు, అది చేసే పని జతపరచడం దాకా ఏపెస్ తీసుకెళ్తుంది. మన పేపరు ఇంకో అడుగు వేస్తుంది. అమలు ఎందుకు కావడం లేదో రాయమంటుంది. 2020 మే 7న విశాఖలో ఎల్జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ ఆవిరి వెంకటాపురం మీదికి వచ్చి 12 మంది పోయాక, ఆ ప్రశ్న ఎంత అవసరమో తెలుగువాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. విచిత్రం ఏమిటంటే, ఒక పౌరుడు పిటిషన్ వెయ్యబట్టి పుట్టిన పేపరు, పిటిషన్ ఎలా వెయ్యాలో ఎక్కడా చెప్పదు. 2010 చట్టంతో వచ్చిన హరిత ట్రిబ్యునల్‌కి దరఖాస్తు చేయడం ఒక క్లాసులో నేర్పగలిగే పని. అమెరికాలోనూ అంతే. వాళ్ల నీటి చట్టం మామూలు పౌరుడికి కాలుష్యకారుల మీద దావా వేసే హక్కు ఇచ్చింది. ఏపెస్ విద్యార్థికి ఆ చట్టం చేసే పని తెలుసు, తన చేతిలో ఉన్న ఆ హక్కు సంగతి తెలిసే అవకాశం తక్కువ.

ఈ రెండు పేపర్లూ కలుసుకోగల చోటు ఒకటుంది, అది బడి బయట ఉంది. అమెరికా 1970లో పెద్ద ప్రాజెక్టులకి పర్యావరణ ప్రభావ నివేదిక తప్పనిసరి చేసి, జనం అభిప్రాయం అడగడం మొదలుపెట్టింది. అలాగే మన 2006 నోటిఫికేషన్ ప్రకారం ఫ్యాక్టరీకో గనికో అనుమతి ఇచ్చే ముందు ప్రజాభిప్రాయ సేకరణ జరగాలి. కనీసం 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, నివేదిక సారాంశం తెలుగులో ఊళ్లో అందుబాటులో ఉంచాలి. టెంటు వేస్తారు, కలెక్టరు తరఫున అధికారి వస్తారు, మైకు ఇస్తారు. అక్కడ ఎక్కువగా వినబడేది మన ఆరో యూనిట్ గొంతే: మా భూములు, మా చెరువు, మా పిల్లలకి ఉద్యోగాలు. అది అడగవలసిన ప్రశ్నే, అడిగితేనే అధికారి తలెత్తి చూస్తాడు. కానీ బల్ల మీద ఉన్న నివేదికలో సగం పేజీలు అంకెలే: గాలిలో ధూళి ఎంత, నీటిలో కరిగిన ఆక్సిజన్ ఎంత, ఏ బావిలో ఫ్లోరైడ్ ఎంత. వాటి జోలికి ఎవరూ పోరు, నివేదిక రాసిన కన్సల్టెంటుకి కావలసిందీ అదే. ఈవీఎస్ చదివిన కుర్రాడు మైకు తీసుకుని ఎవరి భూమి పోతోందని అడగ్గలడు. పక్కనే ఏపెస్ చదివిన పిల్ల ఉంటే ఈ నీటి నమూనా ఏ నెలలో, ఎన్ని బావుల్లో తీశారని, వానాకాలం అంకె ఎందుకు లేదని అడుగుతుంది. మొదటి ప్రశ్నకి హామీ ఇచ్చి కూర్చోబెట్టవచ్చు, రెండో ప్రశ్నకి జాబితా చూపించి తప్పుకోవచ్చు. రెండూ ఒకే నోటి నుంచి వస్తే అధికారి మినిట్స్‌లో రాసుకోక తప్పదు.